మహా ఆనందంతో తిరిగి వెళ్లారట

మే 28, 2025, బుధవారం

నెల్లూరులో పినాకిని ఎక్కేసరికి పది కావస్తోంది. నాన్నకి కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో గుడ్డసంచీ పెట్టుకుని కూర్చున్నారు. అందులో ఆయన బైబిలు, అమ్మ పాటల పుస్తకం, మాత్రల డబ్బా. మిగతా సామానంతా నా బ్యాగులో. గూడూరు దాటేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

అమ్మ కిందటి నవంబరులో పోయింది. అప్పట్నుంచి నాన్న ఆదివారం ఆరాధనకి తప్ప గుమ్మం దాటలేదు. అలాంటి మనిషి ఈస్టరు అయిన రెండో వారంలో ఒంగోలులో ఉన్న నాకు ఫోన్ చేసి, "అమ్మాయ్, ఆరోహణ దినానికి మద్రాసు పోయొద్దామా?" అన్నారు. ఎందుకని అడిగితే చాలాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పారు.

ఈస్టరు నుంచి రోజూ రాత్రి లూకా సువార్త చివరి అధ్యాయం చదువుతున్నారట. ఆఖరి నాలుగు వచనాల దగ్గరికి వచ్చేసరికి ముందుకు పోలేకపోతున్నారట. యేసు శిష్యుల్ని బేతనియ వరకు తీసుకెళ్లాడు. చేతులెత్తి వాళ్లను ఆశీర్వదిస్తూ ఉండగానే వాళ్లలో నుంచి వేరై పరలోకానికి వెళ్లాడు. వాళ్లు ఆయనకు నమస్కారం చేసి "మహా ఆనందముతో" యెరూషలేముకు తిరిగి వెళ్లారు.

"మీ అమ్మని పంపించి మనం ఇంటికి ఎట్లా వచ్చామో నీకు తెలుసు కదమ్మా. వీళ్లు సంతోషంగా ఎట్లా వచ్చారు? ఆ మాట నాకు మింగుడు పడటం లేదు."

నా దగ్గర జవాబు లేదు. సరే పోదాం నాన్నా అన్నాను.

మద్రాసే ఎందుకంటే దానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. వయసులో ఉన్నప్పుడు పెరంబూర్ కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేశారు. అమ్మానాన్నల పెళ్లి 1972లో అక్కడి తెలుగు సంఘంలోనే జరిగింది. నేను పుట్టిందీ పెరంబూర్‌లోనే. ఇంకో కారణం తోమా. కొండ మీద నిలబడి ప్రభువు వెళ్లిపోవడం చూసిన పదకొండు మంది శిష్యుల్లో ఒకడైన ఆయన చివరికి మైలాపూరు దాకా వచ్చాడని మన దేశంలో క్రైస్తవుల నమ్మకం. "చూసినవాణ్ణే అడుగుదాం" అన్నారు నాన్న, చాలా మామూలుగా.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. యేసు పరలోకానికి ఎక్కి వెళ్లడాన్ని గుర్తు చేసుకునే రోజు ఆరోహణ దినం, ఈస్టరు నుంచి నలభయ్యో రోజు. అందుకే ఎప్పుడూ గురువారమే వస్తుంది. ఈ ఏడాది ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చింది కాబట్టి ఆరోహణం మే 29. క్రిస్మస్‌కి నక్షత్రాలు కడతాం, గుడ్ ఫ్రైడేకి మధ్యాహ్నమంతా కూర్చుని శిలువ మీది ఏడు మాటలు వింటాం, ఈస్టరుకి తెల్లవారుజామునే లేస్తాం. ఆరోహణం మాత్రం మండువేసవిలో, పనిదినం నాడు వచ్చి ఎవరికీ తెలియకుండా వెళ్లిపోతుంది. రైల్లో అమ్మ పాటల పుస్తకం తిరగేశాను. క్రిస్మస్ పాటల పేజీలు నూనె చేతులు తగిలి పసుపురంగుకి తిరిగాయి. శ్రమల పాటల దగ్గర పుస్తకం దానంతటదే తెరుచుకుంటుంది. ఆరోహణం పాటలున్న పేజీలు మాత్రం కొత్త పుస్తకంలో పేజీల్లా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. అంత భక్తిగల అమ్మకే ఇలా ఉంటే ఇక మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది! ఇది మన సంఘాలు చేసుకున్న నష్టమని నాకు గట్టిగా అనిపించింది.

మధ్యాహ్నం సెంట్రల్‌లో దిగాం. పిన్ని గేటు దగ్గరే నిలబడి ఉంది. "రండి బావా" అని సంచీ అందుకోబోతే నాన్న ఇవ్వలేదు. పిన్ని ముఖంలో అచ్చం అమ్మ పోలికలే. నాన్న ఆ ముఖం వైపు ఒకసారి చూసి తల దించుకున్నారు.

మే 29, గురువారం

పొద్దున్నే పరంగిమలకి బయల్దేరాం. సెంట్రల్ నుంచి మెట్రోలో నేరుగా పోవచ్చు. స్టేషన్ పేరే సెయింట్ థామస్ మౌంట్, అంటే తోమా కొండ. కొండ పెద్ద ఎత్తేం కాదు, సుమారు మూడు వందల అడుగులు. కింద నాలుగు తోరణాల ద్వారం, దాని మీద శిలువ, శిలువ మీద 1547 అని చెక్కి ఉంది. అక్కడి నుంచి రాతిమెట్లు. 18వ శతాబ్దంలో పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మీనియా వర్తకుడు తన సొంత డబ్బుతో వేయించినవి. నాన్న మెట్ల వైపు చూసి, మోకాలి మీద చెయ్యి వేసుకుని, "నా వల్ల కాదమ్మా" అన్నారు. వెనక నుంచి బండ్ల దారి ఉంది. ఆటోలో పైకి వెళ్లాం.

పైన పోర్చుగీసువాళ్లు 1523లో కట్టిన చిన్న చర్చి. బలిపీఠం దగ్గర రాతిలో చెక్కిన పాత శిలువ, దాని చుట్టూ పాత పర్షియా లిపి పహ్లవీలో రాత. తోమా ఈ కొండ మీదే క్రీ.శ. 72లో బల్లెం పోటుకి చనిపోయాడని ఇక్కడి సంప్రదాయం. నాన్న ఆ శిలువ ముందు చాలాసేపు నిలబడ్డారు. మేం బాప్టిస్టులం, శిలువ ముట్టుకుని కళ్లకద్దుకునే అలవాటు మాకు లేదు. ఊరికే నిలబడ్డారు, అంతే.

బయట చెట్టు నీడలో కూర్చున్నాక నేను యోహాను 14 తీశాను. "నేను వెళ్లుచున్నాను, మీకు స్థలం సిద్ధపరచడానికి" అని ప్రభువు చెప్పిన వెంటనే అడ్డు తగిలింది తోమానే. "ప్రభువా, యెక్కడికి వెళ్లుచున్నావో మాకు తెలియదే" అన్నాడు. తోమా అనగానే అందరికీ సందేహం గుర్తొస్తుంది. నాకైతే ఈ ప్రశ్నే గుర్తొస్తుంది. మిగతావాళ్లు తెలిసినట్టు తల ఊపుతుంటే, తెలియదని చెప్పే ధైర్యం ఆయనకే వచ్చింది. నాన్న లాంటివాడు.

కొండ మీద నుంచి విమానాశ్రయం కనిపిస్తుంది. మేం కూర్చున్నంతసేపూ విమానాలు లేస్తూనే ఉన్నాయి. ఒకటి సరిగ్గా మా ఎదురుగా లేచింది. అది చుక్కై మబ్బులో కలిసిపోయేదాకా నాన్న చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. అది కనిపించకుండా పోయాక కూడా అటే చూస్తున్నారు. నేను అపొస్తలుల కార్యాలు మొదటి అధ్యాయం నెమ్మదిగా చదివాను. "గలిలయ మనుష్యులారా, మీరెందుకు నిలిచి ఆకాశమువైపు చూచుచున్నారు?"

నాన్న చెయ్యి దించారు. "వాళ్లని తప్పు పట్టినట్టుంటుంది ఆ మాట, కానీ కాదమ్మా. తెల్లబట్టల మనుషులు వెంటనే ఇంకోమాట కూడా చెప్పారు కదా, ఈ యేసే తిరిగి వస్తాడని. ఈ యేసే. వేరే ఎవరో కాదు."

"ఈ" అన్న అక్షరాన్ని ఆయన నొక్కి పలికారు. ఇన్నేళ్లుగా చదువుతున్న వాక్యమే. ఆ అక్షరం మీద నా చూపు ఎప్పుడూ ఆగలేదు.

దిగేటప్పుడు నాన్నని ఆటోలో పంపి నేను మెట్ల మీదుగా వచ్చాను. ఆ మెట్ల పొడవునా శిలువ మార్గం పద్నాలుగు స్థలాలు ఉంటాయి. కింద నుంచి పైకి వచ్చేవాళ్లకి పిలాతు తీర్పుతో మొదలై సమాధితో ముగుస్తుంది. నేను పైనుంచి వస్తున్నాను కాబట్టి అంతా తిరగబడింది. ముందు సమాధి, తర్వాత మరణం, తర్వాత మేకులు, పడటం, మళ్లీ పడటం, చివరికి తీర్పు. ఎండకి రాయి కాలుతోంది. దిగేకొద్దీ మోకాళ్లు వణికాయి. ఎక్కడం కంటే దిగడమే కష్టమని అప్పుడు తెలిసింది. ఎఫెసీ పత్రికలో పౌలు అడుగుతాడు: ఆరోహణమయ్యాడంటే ముందు భూమి కింది భాగాలకు దిగాడనే కదా అర్థం? దిగినవాడే ఎక్కాడు. మన క్యాలెండర్ బొమ్మల్లో తెల్లటి మేఘం మీద, మడత నలగని బట్టలతో తేలిపోతున్న ప్రభువును చూస్తే ఈ దిగడం కనిపించదు. అందుకే ఆ బొమ్మలంటే నాకు ఇష్టముండదు. పరలోకానికి ఎక్కినవాడు ఈ పద్నాలుగు మెట్టూ దిగి, ఇంకా కిందికి, సమాధిలోకి కూడా దిగి ఎక్కినవాడు.

సాయంత్రం తెలుగు సంఘంలో ఆరాధన. అమ్మానాన్నల పెళ్లి జరిగిన చర్చి ఇదే. లెక్కపెట్టాను, పిల్లలతో కలిపి ముప్పై ఒక్క మంది. ఫ్యాన్లు తిరుగుతున్నా ఉక్క తగ్గలేదు. నాన్న మూడో వరసలో అంచున కూర్చున్నారు. ఆ పక్క చోటు ఖాళీగా వదిలారు.

పాస్టరుగారు ఏ వాక్యం తీసుకుంటారోనని నాకు ఒకటే టెన్షన్. ఆయన ఏలీయా ప్రవక్తతో మొదలుపెట్టారు. ఏలీయా సుడిగాలిలో ఆకాశానికి వెళ్లినప్పుడు శిష్యుడు ఎలీషా "నా తండ్రీ, నా తండ్రీ" అని కేకవేసి తన బట్టలు పట్టుకుని రెండు ముక్కలుగా చింపుకున్నాడు. తనవాణ్ణి పంపిన మనిషి చేసే పని అది. మరి ఒలీవల కొండ మీద ఒక్కడూ బట్టలు చింపుకోలేదేం? నాన్న ముందుకు వంగారు. నేను ఆయన్ని చూస్తున్నాను తప్ప పాస్టరుగారిని చూడటం లేదు.

పాస్టరుగారు చెప్పిన మాటలు నాకు గుర్తున్నంతలో రాస్తున్నాను. 5వ శతాబ్దంలో రోమాలో లియో అనే బిషప్పు ఆరోహణ పండుగ నాడు ఇదే ప్రసంగించాడట. శిష్యులు దుఃఖపడకపోవడమే కాదు, మహా ఆనందపడ్డారు, ఎందుకంటే మన మనిషితనం దేవదూతలందరి కంటే పైకి వెళ్లి తండ్రి పక్కన కూర్చోవడం వాళ్లు చూశారు అని. "ఆయన దిగివచ్చినప్పుడు దేవుడిగా వచ్చాడు. వెళ్లినప్పుడు ఒంటరిగా వెళ్లలేదు, మన శరీరాన్ని తీసుకునే వెళ్లాడు. దాన్ని దారిలో విడిచేయలేదు. ఆకలేసిన శరీరం, అలసిన శరీరం, మేకుల గుర్తులున్న శరీరం. మన మట్టి ఇప్పుడు అక్కడుంది." తర్వాత హెబ్రీ పత్రిక తీశారు. ఆయన ఇప్పుడు మన కోసం దేవుని సముఖంలో కనబడటానికి పరలోకంలోకే ప్రవేశించాడు. పాత ప్రధానయాజకుడు ఏడాదికోసారి లోపలికి పోయి బయటికి వచ్చేవాడు. ఈయన వెళ్లాడు, ఇంకా మన పేరు మీద అక్కడే ఉన్నాడు.

అంతలో పిన్ని మనవరాలు, తొమ్మిదేళ్లది, నా చెవిలో గట్టిగానే అడిగింది. "పెద్దమ్మా, దేవుడు ఆత్మ కదా, మరి ఆయనకి కుడిపక్క ఎలా ఉంటుంది?" ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగారు. పాస్టరుగారికీ వినబడింది. కోప్పడలేదు. రాజు కుడిపక్క అంటే కుర్చీ వేసిన చోటు కాదు, అధికారం ఇచ్చిన చోటు అని 110వ కీర్తన చదివి చూపించారు. అంతటితో వదిలేయకుండా, రాళ్లతో కొట్టి చంపిన స్తెఫను ఆ కుడిపక్కన యేసును కూర్చుని ఉండగా కాదు, నిలబడి ఉండగా చూశాడనీ, రాళ్లు పడబోయే ముందు ఆయన లేచి నిలబడ్డాడనీ చెప్పారు. పిల్ల తృప్తిపడింది. నేను కూడా.

విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు "పరలోకమునకెక్కి" అన్న చోట నాన్న గొంతు ఆగిపోయింది. అందరం ముందుకు వెళ్లిపోయాం. ఆయన ఆ మాట ఒక్కరే తర్వాత చెప్పుకున్నారు.

రాత్రి భోజనాల దగ్గర బాబాయి ఊరుకోలేదు. ఆయనది గుంటూరు. హేయర్ దొర 1842లో వచ్చి స్థాపించిన లూథరన్ మిషను బిడ్డ. మాది నెల్లూరు. విశాఖపట్నంలో మొదలుపెట్టి మద్రాసు మీదుగా 1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డే దొర బాప్టిస్టు మిషను బిడ్డలం. ఈ తోడల్లుళ్లిద్దరి మధ్య యాభై ఏళ్లుగా నడుస్తున్న వాదం ఒకటుంది. 1529లో జర్మనీలోని మార్బర్గ్‌లో సంస్కర్తలు లూథరూ జ్వింగ్లీ ప్రభు బల్ల రొట్టె గురించి వాదించుకున్నదే. ప్రభువు శరీరం తండ్రి కుడిపక్కకు వెళ్లిపోయింది కాబట్టి ఇక్కడ రొట్టెలో ఉండదు, మనం జ్ఞాపకం చేసుకుంటాం అన్నాడు జ్వింగ్లీ. దేవుని కుడిపక్క అంతటా ఉంది, కాబట్టి ఆరోహణమైన ప్రభువు దూరం కాలేదు, ఇంకా దగ్గరయ్యాడు అన్నాడు లూథర్. బల్ల మీద సుద్దముక్కతో "ఇది నా శరీరము" అని లాటిన్‌లో రాసి పెట్టుకున్నాడట.

మామూలుగా అయితే నాన్న జ్వింగ్లీ పక్షం గట్టిగా పట్టేవారు. ఆ రాత్రి బాబాయి "ఏమంటావన్నా?" అని అడిగితే, చారన్నం కలుపుకుంటూ, "నువ్వు చెప్పేది నిజమైతే బాగుండు తమ్ముడూ" అన్నారు. బాబాయికి ఏమనాలో తెలియక నెయ్యి గిన్నె ఆయన వైపు జరిపారు.

మే 30, శుక్రవారం

నాన్న మోకాలు వాచింది. ఇంట్లోనే ఉన్నారు. నేనూ పిన్నీ సాయంత్రం ఎగ్మోరులో సెయింట్ ఆండ్రూస్ కర్క్ చూడటానికి వెళ్లాం. స్కాట్లండువాళ్లు 1821లో తెరిచిన చర్చి. నేల మెత్తగా ఉందని పునాదికి బావులు తవ్వి, వాటి మీద నిలబెట్టారు. లోపల గుండ్రటి మందిరం, చుట్టూ పదహారు స్తంభాలు, వాటి మీద పెద్ద గోపురం. తల ఎత్తి చూస్తే గోపురం లోపలంతా ముదురు నీలం, దాని మీద బంగారు నక్షత్రాలు.

పిన్ని బెంచీ మీద వెనక్కి వాలి చూస్తూ ఉండిపోయింది. "అక్క కూడా ఇట్లా చూస్తూ ఉండిపోయింది ఒకసారి, పెళ్లైన కొత్తలో" అంది.

పరలోకం ఆ నక్షత్రాల వెనక ఎక్కడో ఉన్న ఊరు అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. రాకెట్లు వెళ్లొచ్చాక, పైన ఏమీ కనబడలేదుగా అని కాలేజీలో ఒకరంటే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను. ప్రభువును కనబడకుండా చేసింది దూరం కాదు, మేఘం. బైబిల్లో మేఘం వాన మేఘం కాదు. సీనాయి కొండని కమ్మింది అదే, ప్రత్యక్ష గుడారాన్ని నింపింది అదే, రూపాంతర కొండ మీద శిష్యుల్ని కప్పింది అదే. దానియేలు చూసిన మనుష్యకుమారుని పోలినవాడు మేఘాలతో వచ్చింది దేవుని సింహాసనం దగ్గరికే. మేఘం వచ్చిందంటే దేవుడు అక్కడున్నాడని గుర్తు. కాబట్టి శిష్యులు ఆయన చిన్నచుక్కై దూరమవడం చూడలేదు. దేవుని మహిమలోకి ప్రవేశించడం చూశారు.

ఇదంతా ఇంటికి వచ్చి నాన్నకి చెప్పాను. విన్నారు. "బాగుందమ్మా" అన్నారు. ఆ "బాగుంది"లో ఇంకా ఏదో మిగిలే ఉంది.

మే 31, శనివారం

నాన్న పాత ఇల్లు చూస్తానన్నారు. ఆ వీధిలో ఇప్పుడు నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. ఒక్క వేపచెట్టే గుర్తుపట్టగలిగారు. తిరిగి వచ్చేశాం.

సాయంత్రం బాబాయి తన యెరూషలేము ప్రయాణం ఫోటోలు చూపించారు, ఫోన్‌లో ఒక్కొక్కటే జరుపుతూ. ఒలీవల కొండ మీద ఆరోహణ మందిరం అంటే పెద్ద కట్టడం అనుకున్నాను. ఎనిమిది పలకల చిన్న గది అంతే. 4వ శతాబ్దం చివర్లో అక్కడ కట్టిన మొదటి మందిరానికి నడిమి భాగంలో కప్పు వేయలేదట, ఆకాశం కనబడాలని. ఇప్పుడున్న గుమ్మటం తర్వాత ముస్లింలు వేసింది. ఆ స్థలం నేటికీ వాళ్ల వక్ఫ్ చేతిలోనే ఉంది. ఆరోహణ పండుగకి క్రైస్తవుల్ని ఆరాధన చేసుకోనిస్తారు. యేసును దేవుడు తన దగ్గరికి ఎత్తుకున్నాడని ఖురానులోనూ ఉంది కదా.

లోపల నేల మీద చట్రంలో ఒక రాయి. దాని మీద కుడి పాదం గుర్తు, ప్రభువు ఆఖరి అడుగు అని చెబుతారు. బాబాయి ఫోటోని పెద్దది చేశారు. అరిగిపోయిన పల్లం, దాని అంచున ఎవరో పెట్టిన నాణెం. ఆ గుర్తు నిజమో కాదో నేను చెప్పలేను. నాన్న కళ్లద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు చూశారు. "పాదం కాదు, వాళ్లు చూసింది చేతులు" అన్నారు. ఇంకేం అనలేదు. ఫోన్ తిరిగి ఇచ్చేశారు.

జూన్ 1, ఆదివారం

పొద్దున తెలుగు సంఘంలో ఆరాధన, ప్రభు బల్ల. ఆ తర్వాత భోంచేసి, సాయంత్రం మైలాపూరులో తోమా పేరు మీదున్న శాంథోమ్ చర్చికి వెళ్లాం. ఇక్కడి కథోలిక సంఘంలో ఆరోహణ పండుగను గురువారం నుంచి ఆ వచ్చే ఆదివారానికి మార్చుకున్నారు, జనం రాగలరని. తెలుగు కథోలికులు దీన్ని మోక్షారోహణ పండుగ అంటారు. మరియమాత పండుగనేమో మోక్షారోపణం అంటారు. ఒక్క అక్షరం తేడాలో ఎక్కడమూ ఎక్కించబడటమూ విడిపోయాయి. మన భాష అందం అది.

ఇప్పుడున్న బసిలికా 1896 నాటిది. తెల్లటి గోడలు, సూదిలా పైకి లేచిన గోపురం, వెనకే సముద్రం. కింద సమాధి గదికి వేరే దారి ఉంది. తోమా శరీరం ఇక్కడే పాతిపెట్టారని నమ్మకం. ఎముకల్లో చాలాభాగం ఇప్పటి టర్కీలోని ఎదెస్సాకి, అక్కడి నుంచి చివరికి ఇటలీలో ఒర్తోనాకి చేరాయంటారు. లోపల నలుగురైదుగురు మోకాళ్ల మీద ఉన్నారు. ఏసీ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. నాన్న గోడకి ఆనుకుని నిలబడ్డారు. "చూసినవాణ్ణే అడుగుదాం" అని ఆయన అన్నది ఈ తోమా గురించే. ఏం అడిగారో నాకు తెలియదు.

పైకి వచ్చేసరికి తమిళ పూజ మొదలైంది. కుర్చీలు నిండిపోయి జనం గోడల వెంట నిలబడ్డారు. ఒక కుర్రాడు లేచి నాన్నకి చోటిచ్చాడు. సువార్త చదివేటప్పుడు నా గుండె ఒక్కసారి ఆగినట్టయింది. కథోలికులకి ఈ పండుగకి మూడేళ్ల వరసలో ఒక్కో ఏడు ఒక్కో సువార్త భాగం వస్తుంది. ఈ ఏడాది వంతు లూకా 24వ అధ్యాయం ఆఖరి వచనాలది. నాన్న భాగమే. ఫాదరు తమిళంలో చదువుతుంటే నాకు సగమే అర్థమైంది. "మగిళ్చి", అంటే సంతోషం, అన్న మాట మాత్రం స్పష్టంగా వినబడింది. నాన్నకి తమిళం బాగా వచ్చు. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు.

పూజ అయ్యాక సముద్రం వైపు నడిచాం. పడవల పక్కన వలలు పరిచి ఉన్నాయి. నాన్న ఒక పడవ అంచు మీద కూర్చుని, బైబిలు తీయకుండానే మొదలుపెట్టారు.

"వారిని ఆశీర్వదించుచుండగా, అని రాశాడు లూకా. ఆశీర్వదించి, అని రాయలేదు. చేతులెత్తాడు అని రాశాడు. ఆ చేతులు దించినట్టు ఎక్కడా రాయలేదమ్మా."

నేను ఏమీ అనలేదు.

"తోమాని వేలు పెట్టి చూడమన్న చేతులే కదా అవి. ఆ మేకుల గుర్తులు ఇటువైపు తిప్పి ఉన్నాయి. వాళ్ల కళ్లకి ఆఖరున కనబడింది అదే. ఆశీర్వాదం మధ్యలో మేఘం అడ్డం వచ్చింది, ఆశీర్వాదం ఆగలేదు. ఇంకా ఆగలేదు." కాసేపు అలలు చూశారు. "అందుకే తిరిగి వెళ్లగలిగారేమో."

"మరి అమ్మ?" అని నేనే అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "మీ అమ్మ ఆ చేతుల కింద ఉంది. మనమూ ఆ చేతుల కిందే ఉన్నాం. నాకు సంతోషం ఇంకా రాలేదమ్మా. కానీ వాళ్లది అబద్ధం కాదని నమ్ముతున్నాను."

జూన్ 2, సోమవారం

రెండు గంటలకి పినాకిని. పదింటికే బ్యాగు సర్దేశాను. నాన్న సంచీ మాత్రం సర్దలేదు. హాల్లో పిన్ని మనవరాలితో కలిసి బైబిల్లో పదకొండు మంది పేర్లు వెతుకుతున్నారు. పిల్ల తోమా పేరు దొరకగానే వేలు పెట్టి చూపించింది.

"నువ్వు వెళ్లమ్మా. నేను పెంతెకొస్తు దాకా ఇక్కడే ఉంటాను" అన్నారు, తల ఎత్తకుండానే.

నేను పిన్ని వైపు చూశాను. పిన్నికీ అప్పుడే తెలిసినట్టుంది.

"ప్రభువు వెళ్లాక వాళ్లు మేడగదిలో పది రోజులు కనిపెట్టుకుని ఉన్నారు కదా. ఎవరింటికి వాళ్లు పోలేదు. నూట ఇరవై మంది దాకా ఒక్కచోటే ఉన్నారు. నెల్లూరు పోతే నేనూ ఆ గోడలూ అంతే. ఎనిమిదో తేదీ పెంతెకొస్తు ఆరాధనకి ఇక్కడే ఉండి, తొమ్మిదిన బాబాయిని బండెక్కించమంటాను."

పిన్ని వంటింట్లోకి వెళ్లి, "అయితే రేపు చేపలు తెప్పిస్తాను బావా" అని అక్కడి నుంచే చెప్పింది. గొంతు కాస్త మారింది.

మాత్రల డబ్బా తీసి డైనింగ్ టేబుల్ మీద పోశాను. మంగళవారం నుంచి సోమవారం వరకు ఏడు రోజులు. బీపీ మాత్ర పొద్దున ఒకటి, షుగరువి పొద్దునా రాత్రీ. బీపీ స్ట్రిప్‌లో ఎనిమిదున్నాయి. షుగరువి పదకొండే. ఇంకా మూడు కావాలి. పిన్నితో కలిసి వీధి చివరి మెడికల్ షాపుకి వెళ్లి ఒక స్ట్రిప్ కొని తెచ్చాను. బీపీ స్ట్రిప్ వెనక బాల్‌పాయింట్‌తో "పొద్దున", షుగరు స్ట్రిప్‌ల వెనక "పొద్దున, రాత్రి" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పిన్ని చేతికిచ్చాను.